అమ్మ వీసా తిరస్కరించారు, అప్పీలుకు వెళ్లాలా?

ప్రశ్న: మాది కావలి. నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను, బ్రిటిష్ పౌరసత్వం ఉంది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆమెకు 79 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. స్నానానికి, బాత్రూముకి మనిషి పట్టుకోవాలి. మతిమరుపు కూడా మొదలైంది. నా దగ్గరికి తెచ్చుకుందామని డిపెండెంట్ వీసాకి పెడితే తిరస్కరించారు. ‘డబ్బు పంపితే అక్కడే మనిషిని పెట్టుకోవచ్చు, కందుకూరులో ఇంకో కూతురు ఉంది’ అన్నారు. ఆమె మా అక్క. లేఖ అంది పది రోజులైంది. అప్పీలు చేయాలా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా?

జవాబు: అప్పీలే చేయండమ్మా. అమ్మగారు ఇండియాలో ఉన్నారు కాబట్టి లేఖ అందాక 28 రోజుల్లోపు బ్రిటన్‌లో ఇలాంటి అప్పీళ్లు వినే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయాలి. కాగితాలన్నీ చేతికొచ్చాక వేద్దామని ఆగితే గడువు దాటిపోతుంది. ముందు అప్పీలు వేసేయండి, సాక్ష్యాలు తర్వాత ఇవ్వచ్చు. విచారణ కోరితే ఫీజు 140 పౌండ్లు, కాగితాలు చూసి తేల్చమంటే 80. తేడా కోసం చూడకండి, విచారణే కోరండి. స్పాన్సర్‌గా, అంటే అమ్మను పిలిపించుకునే మనిషిగా మీరు జడ్జి ఎదుట చెప్పే సాక్ష్యం ఇలాంటి కేసులో చాలా విలువైనది. కొత్త దరఖాస్తుకైతే 3,000 పౌండ్లకు పైనే అవుతుంది, అది మళ్లీ వీసా ఆఫీసరు చేతికే వెళుతుంది. ట్రిబ్యునల్ జడ్జి మాత్రం విచారణ నాటికి అమ్మగారి పరిస్థితి ఎలా ఉందో చూస్తారు. అంటే తిరస్కరణ తర్వాత తెచ్చిన డాక్టరు రిపోర్టు కూడా పనికొస్తుంది.

ఈ అప్పీలు కుటుంబ జీవితపు హక్కు కింద, అంటే మానవ హక్కుల ఒప్పందంలోని 8వ అధికరణం కింద నడుస్తుంది. అయినా జడ్జి ముందు చూసేది వీసా నిబంధననే. 2012 జులైలో దాన్ని బాగా బిగించారు. అమ్మగారికి రోజువారీ పనుల్లో దీర్ఘకాలం మనిషి సాయం కావాలి, మీరు డబ్బు పంపినా ఆ స్థాయి సంరక్షణ ఇండియాలో దొరకదని తేలాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అమ్మ మీద ఎంత ప్రేమో, జీతం ఎంతో రాస్తారు. జీతం ఎక్కువని చూపిన కొద్దీ ‘అయితే అక్కడే పెట్టుకోండి’ అనడం వాళ్లకు తేలికవుతుంది.

మీ లేఖలో జబ్బును ఎవరూ కాదనలేదు. వాళ్లు పట్టుకున్నవి రెండే: పనిమనిషి, అక్క.

మన డాక్టర్లు సాధారణంగా రెండు లైన్ల సర్టిఫికెట్ ఇస్తారు. అది చాలదు. నెల్లూరులో న్యూరాలజిస్టుకు చూపించి, ఏ పనికి ఎంతమంది పట్టుకోవాలి, రాత్రి ఎన్నిసార్లు లేపాలి, మందులు ఎవరు ఇవ్వాలి, ఒంటరిగా వదిలితే ఏం ప్రమాదం అన్నవి విడివిడిగా రాయించండి. తర్వాత కావలి, నెల్లూరు, ఒంగోలులోని హోమ్ నర్సింగ్ వాళ్లను, వృద్ధాశ్రమాలను ఇలాంటి పేషెంటును తీసుకుంటారా, రాత్రి మనిషిని ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఎవరైనా తీసుకుంటామంటే ఆ జవాబు దాచొద్దు. డాక్టరు చెప్పిన స్థాయిలో వాళ్లు చూడగలరా అన్నదే అప్పుడు ప్రశ్న. ఇంతకుముందు ఆయాలు వచ్చి మానేసి ఉంటే ఆ ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు తీసిపెట్టండి.

మతిమరుపు గురించి సైకియాట్రిస్టు రిపోర్టు విడిగా తీసుకోండి. ఈ నిబంధన చెల్లదంటూ బ్రిట్‌సిట్స్ అనే సంస్థ వేసిన కేసులో 2017లో బ్రిటన్ అప్పీలు కోర్టు నిబంధనను కొట్టేయలేదు. కానీ సంరక్షణ అంటే ఒంటికి చేసే సేవే కాదని, నిపుణుల వైద్య సాక్ష్యం ఉంటే మానసిక అవసరాలూ లెక్కలోకి వస్తాయని చెప్పింది. మీ కేసుకు ఇది గట్టి ఆధారం.

అక్కగారి చేత సంతకంతో స్టేట్‌మెంట్ ఇప్పించండి. ‘పెళ్లయిన కూతురు తల్లిని ఎలా పెట్టుకుంటుంది’ అంటే అక్కడి జడ్జికి సరిపోదు. ఆమె ఉద్యోగం, ఆరోగ్యం, ఇంట్లో పెద్దవాళ్లు, ఇల్లు, ఇప్పుడు చేస్తున్న సాయం ఉన్నదున్నట్టు రాయాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం, దాని మీద అనువాదకుడి సంతకం, తేదీ ఉండాలి.

విజిటర్ వీసా మీద తీసుకెళ్లి అక్కడే ఉంచేద్దామనే సలహా ఎవరిచ్చినా వినకండి. అక్కడికి వెళ్లాక డిపెండెంట్ వీసాకి మారే వీల్లేదు. అబద్ధం చెప్పి వీసా తీసుకున్నారని తేలితే పదేళ్ల వరకు నిషేధం పడొచ్చు.

ట్రిబ్యునల్లో వాదించడానికి అక్కడి ఇమిగ్రేషన్ లాయరే కావాలి. లేఖ కాపీ ఈరోజే ఆయనకు పంపండి, ఇక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ పని అక్కగారికి అప్పగించండి.