ముందు ఆ అవ్వ భాష నేర్చుకుని రమ్మనండి

సుస్థిర అభివృద్ధి గురించిన చదువును ముందుకు తీసుకెళ్లడంలో విశ్వవిద్యాలయాలు ఏం చేయాలని అడిగారు. నేను ఆచార్యుణ్ణి కాను, ఒడిశాలోని రాయగడలో కిరాణా కొట్టు నడుపుకునేవాణ్ణి. అయినా మాట్లాడతాను, ఎందుకంటే ఆ చదువు ఎలా సాగుతుందో దగ్గర నిలబడి చూశాను.

మా నాన్న ప్రతి బుధవారం చాటికొన సంతకు వెళ్లి నియమగిరి కొండల ఆదివాసులు డొంగ్రియా కొంధులు కొండ దించి తెచ్చే పసుపు, అల్లం కొనేవారు. ఆయన వెంట తిరగడం వల్ల నాకూ వాళ్ల కువి భాష కాస్త పట్టుబడింది. ఆ కాస్త కోసమే కొన్నేళ్ల క్రితం ఓ విశ్వవిద్యాలయం వాళ్లు నన్ను దుబాసిగా వెంటబెట్టుకెళ్లారు. నలుగురు విద్యార్థులు, ఒక మాస్టారు, ఇరవై పేజీల ప్రశ్నల కాగితం.

మొదటి ఇంట్లో ఓ అవ్వ రాగులు చెరుగుతోంది. ఒకటో ప్రశ్న: సుస్థిర అభివృద్ధి గురించి మీకు అవగాహన ఉందా, లేదా? ఒడియాలో ఉన్న ఆ మాటను కువిలో ఎలా చెప్పేది? నాకు తెలుగులోనే నోరు తిరగలేదు. చివరికి "రేపటికి మిగిలేలా బతకడం తెలుసా అవ్వా?" అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసి లోపలికి వెళ్లింది. పొయ్యి పైన వేలాడుతున్న సొరకాయ బుర్రలను ఒక్కొక్కటే దించింది. సామలు, కొర్రలు, కందులు, బొబ్బర్లు, జొన్నలు. పొగ తగిలితే పురుగు పట్టదని అక్కడ కట్టిందట. అన్నీ ఒకే పోడు చెక్కలో చల్లుతుంది. వాన ముందే ఎగ్గొట్టినా సామ చేతికొస్తుంది, చివర్లో కురిస్తే కంది నిలబడుతుంది. ఒక అమ్మాయి బుర్రను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.

"మీ విత్తనం మీరెక్కడ దాచుకుంటారో వాళ్లను అడుగు, సావుకారూ" అంది అవ్వ. అడిగాను. పిల్లలు నవ్వారు.

కాగితం మీద మాత్రం "లేదు" దగ్గర టిక్కు పడింది. అదేమిటండీ అంటే, "ఆ పదం ఆమెకు తెలియదు కదా" అన్నారు మాస్టారు.

అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం కోసం ఆ నియమగిరిని తవ్వాలా వద్దా తేల్చమని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలితే, సభలు జరిగిన పన్నెండు ఊళ్లకు పన్నెండూ వద్దన్నాయి. ఆ ఊళ్లలో ఎంతమందికి ఆ పదం తెలుసో మాస్టారే చెప్పాలి.

పర్యావరణం పాఠంగా చెప్పాలని అదే కోర్టు 1991లోనే ఆదేశించింది. మా అబ్బాయి డిగ్రీలో ఆ పేపరు రాశాడు. పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి డెబ్బై మార్కులు తెచ్చుకున్నాడు. మా వీధి మురుగు ఏ వాగులో కలుస్తుందని అడిగితే ఫోనులో వెతకబోయాడు.

నన్నడిగితే, ఈ జిల్లాల్లో చేరే ప్రతి విద్యార్థికీ మొదటి ఆరు నెలలు కువియో, ఇక్కడి మరో ఆదివాసీ భాష సవరో నేర్పాలి. పరీక్ష సంతలో పెట్టాలి. కువి మనకు పరాయిదేమీ కాదు, తెలుగూ అదీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి, దాయాదులు. అలా అంటే మావాళ్లే నవ్వుతారు. ఉమ్మడి కోరాపుట్ జిల్లా నుంచి మా రాయగడ విడిపోయింది 1992లో. ఆ కోరాపుట్ సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ స్థాయి వారసత్వంగా గుర్తించింది. అంటే పాఠ్యపుస్తకం పక్క కొండ మీదే ఉంది, చదవడానికి భాష రాదు.

ఆ మాస్టారి సర్వే మీద తర్వాత ఒక సదస్సు కూడా జరిగింది. నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ పళ్లేలు నా కొట్టు నుంచే వెళ్లాయి. అవ్వను పిలవలేదు. బిల్లు ఇప్పటికీ రాలేదు.