వెంటిలేటర్ మీదున్న అమ్మకి కొలిస్టిన్ మొదలుపెట్టారు, హైదరాబాద్ తీసుకెళ్లాలా?

మీ అమ్మగారి కఫం కల్చర్‌లో (కఫంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా వచ్చిందని, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ తప్ప మందులన్నిటికీ ఆర్ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు) అని ఉందని, కాకినాడ నుంచి హైదరాబాద్ మార్చాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి. నాన్నగారికి పక్షవాతం వచ్చి అమలాపురం నుంచి తీసుకెళ్లినప్పుడు మాకూ ఇదే ఎదురైంది.

ఆసుపత్రి మారినా ఆ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది. బీపీ నిలకడగా లేనప్పుడు రాత్రంతా అంబులెన్స్‌లో తిప్పడమే పెద్ద ప్రమాదం. ఇక్కడ లేని వైద్యం అక్కడ ఉందని మీ డాక్టరే చెబితే తప్ప కదపకండి.

ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ని రెండు విషయాలు అడగండి. మొదటిది, ఇది నిజంగా నిమోనియానా, లేక గొంతులో ట్యూబుకి పట్టిన బ్యాక్టీరియా మాత్రమేనా? కల్చర్‌లో పెరిగినంత మాత్రాన జబ్బని కాదు. జ్వరం, ఎక్స్‌రేలో కొత్త మచ్చ, ఆక్సిజన్ ఎక్కువ పెట్టాల్సి రావడం, ఇవన్నీ కలిపి చూస్తారు. రెండోది, ముందు అంచనా మీద మొదలుపెట్టిన మందుల్లో పనిచేయనివి ఆపేశారా? రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి అంచనా మీద మొదలుపెట్టడం తప్పు కాదు.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేశారు. వేరే దారి లేక మళ్లీ వాడుతున్నారు. నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) పెరిగితే డోసు సరిచేశారు, తర్వాత దిగింది. మీరు కూడా క్రియాటినిన్ ఎంత, యూరిన్ ఎంత వస్తోంది అని రోజూ అడగండి. బ్యాక్టీరియా ఈ మందుకి కూడా లొంగకుండా పోతే మన చేతిలో ఇంకేం మిగులుతుందన్న భయంతోనే 2019లో పశువులకి, కోళ్లకి, ఆక్వా చెరువులకి కొలిస్టిన్ వాడకూడదని కేంద్రం నిషేధించింది. మన ఊళ్లలో జలుబు చేసినా ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు పోనంత కాలం ఈ కష్టం ఇంకెన్ని ఇళ్లకి వస్తుందోనని నాకు చాలా బాధగా ఉంటుంది.

ఎసినెటోబాక్టర్ మంచం కమ్మీల మీద, పరికరాల మీద రోజుల తరబడి బతుకుతుంది, చేతుల ద్వారా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరినీ లోపలికి పంపకండి. కోపం వచ్చినా సరే, నేను మా మేనత్తని కూడా బయటే ఉంచాను. వెళ్లేవాళ్లు ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక శానిటైజర్ రాసుకోవాలి. తలవైపు మంచం ఎత్తి ఉందా, నోరు శుభ్రం చేస్తున్నారా అని నర్సమ్మని మర్యాదగా అడగండి, ఏమీ అనుకోరు. ట్యూబు ఉన్నన్నాళ్లూ నోట్లో ఊరేవి దాని పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటాయి. అందుకే ఈ రోజు ట్యూబు తీసే వీలుందా అని రోజూ రౌండ్స్‌లో అడగండి.