పీహెచ్‌డీకి ఎక్స్‌రేనా, ఆప్టికలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. క్రియాశీల గెలాక్సీల మీద పరిశోధన చేయాలని ఉంది. ఒక ప్రొఫెసర్ ఎక్స్‌రే వైపు రమ్మంటున్నారు, ఇంకొకరు ఆప్టికల్ వైపు. దేనికి భవిష్యత్తు ఎక్కువ?

జవాబు: రెండు పద్ధతులూ వెతికేది ఒక్కదాన్నే: గెలాక్సీ నడిమధ్యలో వాయువును మింగుతున్న భారీ కృష్ణబిలాన్ని. ఏ పద్ధతికి ఏది దొరకదో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఆప్టికల్‌లో, అంటే కంటికి కనిపించే కాంతిలో, రోజూ వర్ణపటాలతోనే పని. 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గరుండే ఆక్సిజన్ రేఖను 4861 దగ్గరి హైడ్రోజన్ బీటాతో, నైట్రోజన్ రేఖను హైడ్రోజన్ ఆల్ఫాతో పోల్చి చూస్తారు. వాయువును వెలిగిస్తున్నది కొత్త నక్షత్రాలా, కృష్ణబిలమా అన్నది ఆ నిష్పత్తుల్లో తెలుస్తుంది. బాల్డ్విన్, ఫిలిప్స్, టెర్లెవిచ్ 1981లో చూపిన ఈ దారినే ఇప్పటికీ వాడుతున్నారు. వినడానికి తేలికే. చేయడానికి కూర్చుంటే, నక్షత్రాల కాంతిలోని శోషణ రేఖ సరిగ్గా హైడ్రోజన్ బీటా ఉన్నచోటే ఎదురవుతుంది. దాన్ని జాగ్రత్తగా తీసేయకపోతే బీటా రేఖ ఉన్నదానికంటే బలహీనంగా కనిపించి, మామూలు గెలాక్సీ కూడా క్రియాశీలమైన వాటి జాబితాలోకి ఎక్కేస్తుంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: కేంద్రం బలహీనంగా ఉన్నా, ధూళి కమ్మేసినా అసలైనదే జారిపోతుంది.

అలా జారిపోయిన వాటిలో చాలా ఎక్స్‌రేకి దొరుకుతాయి. మామూలు నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు కొద్దే కాబట్టి వాటితో పోటీ ఉండదు. కానీ వాయువు తెర మరీ మందమైతే తక్కువ శక్తి ఎక్స్‌రేలూ ఆగిపోతాయి. అందుకే 2012లో 79 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దాకా చూడగల నూస్టార్ అనే ఎక్స్‌రే ఉపగ్రహాన్ని పంపారు. ఇంకో సంగతి, ఇక్కడ కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవాలి. ఒకే చోటును చంద్ర అనే ఎక్స్‌రే టెలిస్కోప్ మొత్తం 70 లక్షల సెకన్లు చూసినా, కొన్ని మసక కేంద్రాల నుంచి వచ్చేవి గుప్పెడే. స్టాటిస్టిక్స్ అంటే చిరాకు పడేవారికి ఇది నప్పదు.

కెరీర్ రిస్క్ కూడా ఎక్స్‌రేకే ఎక్కువ. భూవాతావరణం ఎక్స్‌రేలను ఆపేస్తుంది కాబట్టి ఉపగ్రహమే దిక్కు. 2016 ఫిబ్రవరిలో వెళ్లిన హిటోమీ మార్చిలోనే చేజారింది. దాని వారసుడు ఎక్స్‌రిజమ్ బయల్దేరింది 2023లో. ఈలోగా ఎవరి పీహెచ్‌డీ గడువూ ఆగదు కదా!

నా మాటైతే, ఒక్కదానికే కట్టుబడకండి. ఎక్స్‌రేలో ప్రకాశవంతంగా ఉండి, ఆప్టికల్‌లో మామూలుగా కనిపించే గెలాక్సీలున్నాయి. థీసిస్‌కు మంచి ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. స్లోన్ అనే ఆప్టికల్ ఆకాశ సర్వే వర్ణపటాలు, చంద్ర ఆర్కైవ్ రెండూ ఉచితమే. ఒకే గెలాక్సీని రెండింట్లోనూ తీసుకుని ఈ సెలవుల్లో విశ్లేషించి చూడండి. ఏ పనికి కూర్చుంటే టైమ్ తెలియలేదో మీకే అర్థమవుతుంది. చేరేముందు ఇద్దరు ప్రొఫెసర్లనూ ఒకటే అడగండి: నా మొదటి పేపర్‌కు డేటా ఇప్పటికే చేతిలో ఉందా, ఇంకా రావాలా? రావాలి అన్నవారి దగ్గర చేరే ముందు మాత్రం బాగా ఆలోచించుకోండి.