దద్దుర్లకు రోజువారీ లెక్క

ప్రశ్న: ఎనిమిది నెలలుగా దద్దుర్లు. సాయంత్రం లేస్తాయి, తెల్లారేసరికి ఆనవాలు ఉండదు. ఆసుపత్రికి వెళ్ళిన రోజే ఒళ్ళు శుభ్రంగా ఉంటుంది! ఈసారి వారం రోజులు మార్కులు వేసుకు రమ్మన్నారు. ఫొటో చూపిస్తే సరిపోదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఫొటో తీసుకెళ్ళండి, కానీ అందులో దురద కనపడదు కదా! అందుకే ఈ లెక్క. దీన్ని యూఏఎస్7 అంటారు.

రోజూ పడుకునే ముందు, గడిచిన 24 గంటలకు రెండు అంకెలు వెయ్యండి. దద్దుర్లు లేకపోతే 0, ఇరవై లోపయితే 1, 20 నుంచి 50 దాకా 2, అంతకు మించినా, పెద్ద పెద్ద పట్టీలుగా కలిసిపోయినా 3. దురద లేకపోతే 0, ఉన్నా పెద్దగా విసిగించకపోతే 1, విసిగిస్తున్నా పనికీ నిద్రకూ అడ్డు రాకపోతే 2, అడ్డొస్తే 3. పదిహేను దద్దుర్లు లేచి, దురదతో నిద్ర పట్టలేదంటే ఆ రోజుకు 1+3, అంటే 4. వారానికి గరిష్ఠం 42. వారం మొత్తం 6 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టు, 28 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే తీవ్రం.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది రెండు చోట్ల. రాసే నిమిషంలో కనిపించినవే లెక్కపెట్టడం ఒకటి; మధ్యాహ్నం లేచి మాయమైనవీ లెక్కలోవే. రెండోది, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రాత్రి వారమంతా ఒకేసారి నింపెయ్యడం. అప్పుడు గుర్తుండేది బాగా బాధపెట్టిన రోజొక్కటే. మాత్ర వేసుకున్న రోజులు పక్కన టిక్కు పెట్టండి. అది లేకపోతే సున్నా మందు వల్ల వచ్చిందో, మందు లేకుండానే వచ్చిందో తెలియదు.

పెదవి, కనురెప్ప వాపు ఈ మార్కుల్లోకి రాదు, విడిగా రాయండి. వాపుతో పాటు ఊపిరి ఆడకపోతే లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి చూడండి. 24 గంటలు దాటినా అక్కడే ఉండి, మంట పుట్టి, కమిలిన మచ్చ మిగిల్చితే అది వేరే జబ్బు కావచ్చు. డాక్టరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: యూసీటీ అనే నాలుగు ప్రశ్నల కాగితంలో నాకు 9 వచ్చింది. తక్కువే కదా, తగ్గినట్టేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాదండీ, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. యూఏఎస్7లో మార్కులు తగ్గితే మంచిది, యూసీటీలో పెరిగితే మంచిది. గడిచిన నాలుగు వారాలకు 16కి వేస్తారు. 12 రాకపోతే అదుపులో లేనట్టే, 16 వస్తే పూర్తి అదుపు. చలిగాలికో, బెల్టు ఒత్తిడికో లేచే దద్దుర్లకు యూఏఎస్7 పనికిరాదు, యూసీటీ పనికొస్తుంది. 9 వచ్చిందని మాత్రలు మీరే పెంచుకోకండి. మత్తు తక్కువుండే కొత్త తరం అలర్జీ మాత్రల మోతాదును నాలుగింతల దాకా పెంచే వీలుంది, కానీ ఆ నిర్ణయం డాక్టరుదే.