డ్రమ్ కోర్ షోల్లో కొత్తదనం పెరిగి కష్టం తగ్గిపోయిందా?

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాయిద్యాలూ డ్రమ్ములూ వాయిస్తూ మైదానంలో వరసలు కట్టి నడిచే పోటీ బృందం. ప్రశ్న అడిగినాయన 80ల నాటి వీడియోలూ ఈమధ్య షోలూ పక్కపక్కన పెట్టుకుని చూశారట. "ఇప్పటి పిల్లలు నడవడం మానేసి ర్యాంపులెక్కి డాన్సులు చేస్తున్నారు, జడ్జీలు దానికే మార్కులు కుమ్మరిస్తున్నారు, ఇదేం న్యాయం" అని బాధపడ్డారు. మూడు వేసవులు మా అబ్బాయి ట్యూబా (పెద్ద ఇత్తడి బాకా) వెనక ఊళ్ళు తిరిగినవాడిగా చెప్తున్నాను, కష్టం తగ్గలేదండీ. మీ కంటికి ఆనడం లేదు, అంతే.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇండియానాపొలిస్ శివార్లలో ఉంటున్నాం. మా వాడు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ట్యూబా పట్టుకుని, అక్కణ్ణుంచి కోర్‌లోకి వెళ్ళాడు. కోర్ పేరు చెప్పను. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది. జీతం ఇవ్వకపోగా కొన్ని వేల డాలర్లు మనమే కట్టి, పిల్లల్ని జిమ్ నేల మీద పడుకోబెట్టే వ్యవహారం ఇది. మా వదిన ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఆ బ్యాండ్ మేళంలోనే ఉన్నాడా" అని అడుగుతుంది. మా ఆవిడ "ఉన్నాడు వదినా, పెళ్ళికి కావాలంటే చెప్పండి" అంటుంది. నాకు వంట రాదు కాబట్టి ఫుడ్ ట్రక్కు దగ్గరికి రానివ్వకుండా ప్రాప్స్ (షోలో వాడే సామాను) తోసే నాన్నల గుంపులో వేశారు.

రెండో ఏడాది షోలో అయిదు ర్యాంపులు పెట్టారు. షో మధ్యలో ఒక పన్నెండు సెకన్ల ముక్క ఉండేది. ఎనిమిదిమంది ట్యూబా పిల్లలు వాయిస్తూనే, వెనక్కి నడుచుకుంటూ, ర్యాంపు పైనుంచి కిందికి దిగాలి. చదవడానికి ఏమీ అనిపించదు. జులైలో టెక్సస్‌లో ఒక స్కూల్ గ్రౌండ్‌లో దాని ప్రాక్టీస్ చూసినప్పుడు నాకు అర్థమైంది.

ట్యూబా పన్నెండు కిలోల పైమాటే. ఎడమ భుజం మీద కూర్చుంటుంది, దాని నోరు ఎడమ పక్క చూపుని పూర్తిగా మూసేస్తుంది. చదును నేల మీద ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు, అయిదు గజాలకి ఎనిమిది అడుగులు. వెనక్కి నడిచేటప్పుడు మడమ ఆనకూడదు, మునివేళ్ళ మీదే. ఇంతవరకూ వాళ్ళకి నిద్రలో కూడా వచ్చు. ర్యాంపు మీదికి వచ్చేసరికి, పాదం నేల ఉంటుందనుకున్న చోట నేల ఉండదు. రెండంగుళాలు కింద ఉంటుంది. ఆ రెండంగుళాల కుదుపు మోకాల్లోంచి పొట్టలోకి, పొట్టలోంచి ఊపిరిలోకి, ఊపిరిలోంచి స్వరంలోకి వచ్చేస్తుంది. నున్నగా సాగాల్సిన స్వరం మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. అడుగడుక్కీ ఒక చిన్న ఎక్కిలి. ఎనిమిదిమందికీ ఎక్కిలి ఒకేసారి వచ్చినా బాగుండేది, తలా ఒకసారి వచ్చేది.

స్పీకర్లో మెట్రనోమ్ టకటకా కొడుతూ ఉంటుంది. టవర్ మీంచి "రీసెట్" అని అరుస్తారు, పిల్లలు పరిగెత్తుకుంటూ మొదటి చోటికి వెళ్తారు. "వన్ మోర్" అంటారు. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఒకటి కాదు. ఆ పొద్దున నేను లెక్కపెట్టాను, ముప్పై ఏడు సార్లు. ఇరవై రెండోసారి ఒక పిల్లాడు పడ్డాడు. పడుతూ పడుతూ ట్యూబాని గుండెకి హత్తుకుని తన వీపు మీద పడ్డాడు. పరికరానికి సొట్ట పడలేదు. వాడి మోచెయ్యి గీరుకుపోయింది. లేచి మళ్ళీ పైకెక్కాడు.

ఆగస్టులో, ఫైనల్స్‌కి వారం కూడా లేదనగా, స్టాఫ్ వాళ్ళు ఆ ముక్క తీసేశారు. "పైనే నిలబడి వాయించండి, లైట్లు వెలుగుతాయి చాలు" అన్నారు. మా వాడు ఆ రాత్రి ఫోన్‌లో, "నాన్నా, అమ్మ పెట్టే బొమ్మల కొలువు గుర్తుందా, అలా ఉన్నాం" అన్నాడు. మర్నాడు బ్రాస్ (ఇత్తడి వాయిద్యాల) మార్కులు పెరిగాయి! కోపమొచ్చిందా అంటే వచ్చింది. అది చెయ్యించిన మనిషికి మే నెలలోనే తెలియదా, ర్యాంపు వాలు కాస్త తగ్గిస్తే సరిపోతుందని? డిజైనర్ గారు కాలిఫోర్నియాలో కూర్చుని కంప్యూటర్లో గీస్తారు, ర్యాంపు జూన్ మూడో వారానికి గానీ రాదు.

మార్కులు పెరగడం అన్యాయం కాదని తర్వాత తెలిసింది. జడ్జీ కాగితంలో రెండు గళ్ళుంటాయి. ఏం చేస్తున్నారన్నది ఒకటి, ఎలా చేస్తున్నారన్నది ఇంకొకటి. మొదటి దాంట్లో పోయినదానికన్నా రెండో దాంట్లో ఎక్కువ వచ్చింది. మా మృదంగం మాస్టారు కూడా ఇదే అనేవారు. నేను ఎక్కడో విన్న కోర్వై (ముగింపులో వాయించే లెక్కల ముక్క) లెక్క కట్టుకుని వెళ్ళి ఠీవిగా వాయిస్తే, "లెక్క ఎవడైనా కడతాడు, సర్వలఘు (లెక్కల్లేని సాదా నడక) పది నిమిషాలు జారకుండా వాయించు" అని కూర్చోబెట్టేవారు. మూడో నిమిషానికే జారేవాణ్ణి. వినేవాళ్ళకి అందులో కష్టం ఉందని కూడా తెలియదు.

పాత రోజుల్లో కష్టం ఎక్కువ అనేవాళ్ళకి ఒక మాట. 1983 దాకా "టిక్" పద్ధతి ఉండేది. ఒక్కో తప్పుకి మార్కులో పదో వంతు కోత. తప్పు చేస్తే కోతే అన్నప్పుడు ఎవడు సాహసం చేస్తాడండీ? చెయ్యగలిగిందే చేసి నున్నగా తుడిచి పెట్టేవారు. ఆ పద్ధతి 1984లో పోయింది, కష్టం అప్పుడే మొదలైంది. "మరి 1983లో జార్జ్ జింగాలీ గీసిన డ్రిల్‌తో (మైదానంలో ఎవరెటు నడవాలో చెప్పే నక్షా) గార్‌ఫీల్డ్ క్యాడెట్స్ అనే కోర్ టిక్ పద్ధతిలోనే గెలిచారుగా" అని ఎవరో కింద రాస్తారని తెలుసు. ఆ ఒక్కటీ వదిలెయ్యండి, వాళ్ళు మనుషులు కాదు.

కొత్తదనానికి మార్కులు ఊరికే పడతాయన్నది మాత్రం పచ్చి అబద్ధం. మా ఇండియానా రాష్ట్రపు కోర్ ఒకటి దీనికి సాక్ష్యం. 1993లో స్టార్ ఆఫ్ ఇండియానా బార్టోక్, బార్బర్ అనే స్వరకర్తల సంగీతంతో మెడియా అనే గ్రీకు స్త్రీ కథ వేసింది. చప్పట్లకి చోటు లేకుండా, కర్కశంగా, మనుషులు ఒళ్ళు విరుచుకుంటూ కదిలారు. స్టాండ్స్‌లోంచి జనం ఛీకొట్టారు. ఫైనల్స్‌లో నూటికి 97.3. క్యాడెట్స్‌కి 97.4. ఒక్క పదో వంతు తేడాతో పోయింది. వాళ్ళు పోటీల్లోంచి తప్పుకుని స్టేజీ దారి పట్టారు. అందులోంచి పుట్టిన 'బ్లాస్ట్!' షోకి 2001లో టోనీ అవార్డు వచ్చింది. ఇప్పుడు ఏ కోర్ చూడండి, ఆ 1993 షో ఒళ్ళు విరుపులే కనిపిస్తాయి.

అలాగే ఒహాయో కాంటన్ వాళ్ళు, బ్లూకోట్స్. 2016లో టోపీలు పక్కన పడేసి, పెద్ద పెద్ద వంపు ర్యాంపుల మీద జారుతూ వాయించి మొదటిసారి ఛాంపియన్లయ్యారు. వాళ్ళు చేసినప్పుడు అది కొత్త. మర్నాటి నుంచి అందరికీ ర్యాంపులు కావాల్సి వచ్చాయి. మా కోర్ వాళ్ళకీ వచ్చింది ఆ జబ్బే. మొదట చేసినవాడు అది ఎందుకో ఆలోచించి చేస్తాడు, పదోవాడు కొని తెచ్చుకుంటాడు. మీరు చూసి విసుక్కుంటున్నది ఆ పదోవాణ్ణి అనుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు రానిచ్చారు కదా. ఇప్పుడు ప్రతి షోలోనూ ట్యూబాల కింద సింథ్ బాస్ (సింథసైజర్ మంద్ర స్వరం) వేసి ఊదరగొడతారు. ఇక్కడి పాత అభిమానులు దాన్ని 'థండరస్ గూ' అంటారు. ఉరిమే జిగురు అనుకోండి. ఇండియానాపొలిస్ లూకస్ ఆయిల్ స్టేడియంలో అసలే ప్రతిధ్వని, దానికి ఈ జిగురు తోడు. మా పిల్లాడు ఏడాదంతా ఊపిరి బిగబట్టి సాధించిన స్వరం ఏదో, తీగలోంచి వచ్చింది ఏదో తల్లిదండ్రులకే తెలియదు. దీన్ని కొత్తదనం అంటే నేనొప్పుకోను. మార్చింగ్ ట్యూబా ఖరీదు వేలల్లో ఉంటుంది, ఒక్క మీటతో దాన్ని ముంచేస్తారు. టికెట్ డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంటారు.

ఆ ఏడాది ఫైనల్స్ అయ్యాక అర్ధరాత్రి పార్కింగ్ లాట్‌లో ర్యాంపులు ట్రక్కులోకి ఎక్కిస్తున్నాం. ఇంకా యూనిఫాంలోనే ఉన్న మా వాడూ, టెక్సస్‌లో పడిన పిల్లాడూ ట్యూబాలతో వచ్చారు. "ఒక్క నిమిషం ఆగండి అంకుల్స్" అని ఆఖరి ర్యాంపు ఎక్కి, తీసేసిన ఆ ముక్క వాయిస్తూ వెనక్కి దిగారు. ఎక్కిలి లేదు. ఒక్కచోట కూడా లేదు. మేం నలుగురు నాన్నలం, ట్రక్కు డ్రైవరూ చప్పట్లు కొట్టాం. అంత తేలికా అని నేనూ ఎక్కి వట్టి చేతుల్తో వెనక్కి దిగబోయాను. రెండో అడుగుకే డ్రైవర్ చొక్కా పట్టుకోకపోతే నడుం విరిగేది.