జన్యుక్రమం చదవడం వచ్చినంత మాత్రాన సరిపోదు, జీవిని పెంచడం రావాలి

సముద్రంలో నత్రజనిని స్థాపించే, అంటే నత్రజని వాయువును జీవులకు పనికొచ్చే రూపంలోకి మార్చే సయనోబ్యాక్టీరియాల్లో (సాధారణంగా మొక్కల్లా వెలుతురుతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) ముఖ్యమైన వాటి జన్యుక్రమాలు ఇప్పటికే చదివేశారు కాబట్టి, ఈ రంగంలోకి రాదలచిన ఎమ్మెస్సీ విద్యార్థి బయోఇన్ఫర్మేటిక్స్ (జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే విద్య) ఒక్కటి నేర్చుకుంటే చాలా అని మీరు అడిగారు. చాలదని నా గట్టి అభిప్రాయం. కొన్నేళ్లు ఈ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి కారణం కాస్త వివరంగానే చెబుతాను.

యూసీవైఎన్-ఎ అనే సముద్రపు సయనోబ్యాక్టీరియా సంగతి చూడండి. 1998లో శాస్త్రవేత్త జోనథన్ జెర్ బృందం పసిఫిక్ నీటిలో నత్రజని స్థాపనకు చెందిన ఒక జన్యువు ముక్కను గుర్తించింది గానీ, అది ఏ జీవిదో తేలలేదు. 2008లో ఆ కణాలను సముద్రపు నీటి నుంచి కణాలను ఒక్కొక్కటిగా ఏరే ఫ్లో సైటోమీటర్‌తో వేరుచేసి డీఎన్ఏ చదివితే, ఆక్సిజన్‌ను విడుదల చేసే ఫోటోసిస్టమ్-2 గానీ, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే రుబిస్కో గానీ వాటిలో లేవని తేలింది. 2010లో పూర్తి జన్యుక్రమం వచ్చింది, మొత్తం 14.4 లక్షల బేస్ జతలే, అందులో ఆహారం నుంచి శక్తి తీసే సిట్రిక్ ఆమ్ల చక్రం కూడా లేదు. నత్రజనిని స్థాపించే ఎంజైమ్ అయిన, ఆక్సిజన్ తగిలితే పాడైపోయే నైట్రోజినేజ్‌కు ఫోటోసిస్టమ్-2 లేకపోవడం మేలే, కానీ తన ఆహారం తాను చేసుకోలేని ఈ జీవిని పోషిస్తున్నది ఎవరన్న ప్రశ్న మిగిలింది. అది ఒక సూక్ష్మ శైవలంతో (ఆల్గాతో) కలిసి బతుకుతోందని 2012లో తెలిసింది.

ఆ తర్వాతి అడుగు డీఎన్ఏ చదివే యంత్రమైన సీక్వెన్సర్‌తో పడలేదు. జపాన్‌లోని కోచి విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త క్యోకో హగినో దశాబ్దానికి పైగా శ్రమించి ఆ శైవలాన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. అలా పెంచిన ఆ కల్చర్ ఉండబట్టే, శైవలం విభజన చెందినప్పుడల్లా దానితోపాటే యూసీవైఎన్-ఎ కూడా విభజన చెందుతోందని, శైవలం తయారుచేసిన ప్రోటీన్లను ఇది లోపలికి తీసుకుంటోందని, అంటే ఇది బ్యాక్టీరియా దశ దాటి నైట్రోప్లాస్ట్ అనే కణాంగంగా (కణంలో ఒక భాగంగా) మారిందని 2024లో ప్రకటించగలిగారు. ఆ ప్రోటీన్ల జన్యువులు ఉన్నది శైవలంలో కాబట్టి, యూసీవైఎన్-ఎ జన్యుక్రమాన్ని ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి బయటపడేది కాదు.

ఇక నా అనుభవం. ఒక వేసవిలో విశాఖ తీరం నుంచి పడవలో వెళ్లినప్పుడు నత్రజనిని స్థాపించే మరో సయనోబ్యాక్టీరియా అయిన ట్రైకోడెస్మియం నీటి మీద రంపపుపొట్టు చల్లినట్లు గోధుమరంగు తెట్టు కట్టి కనిపించింది. ప్లాంక్టన్ వలను మెల్లగా లాగి బకెట్‌లోకి వంచితే, సన్నని పోచల కట్టలు కంటికి ఆనేంత స్పష్టంగా పైకి తేలాయి. ఒక్కొక్క కట్టను లూపుతో ఎత్తి, వడపోసిన సముద్రపు నీటిలో గిన్నె తర్వాత గిన్నె మారుస్తూ కడగాలి. ఎండలో ఆలస్యమైతే పోచలు పగిలి నీళ్లకు గులాబీ రంగు దిగుతుంది. అంత జాగ్రత్తగా కడిగి పంపినా, చదివిన డీఎన్ఏలో పెద్దభాగం ఆ పోచలను అంటిపెట్టుకుని బతికే ఇతర బ్యాక్టీరియాదే. వాటిని సాఫ్ట్‌వేర్‌తో విడదీయవచ్చు. అయితే వాటిలో ఏది లేకపోతే ట్రైకోడెస్మియం నీరసిస్తుందో, దేనికి ఇది తిండి పెడుతోందో పెంచి చూస్తే తప్ప తెలియదు.

అప్పట్లో సీక్వెన్సింగ్‌కు అడిగినంతా మంజూరు చేసినవారు, కల్చర్ గదికి రెండో ఏసీని, దాన్ని కనిపెట్టుకుని ఉండే టెక్నీషియన్ జీతాన్ని మాత్రం అనవసరమని కొట్టేశారు. ఒక శని, ఆదివారాల్లో ఉన్న ఒక్క ఏసీ ఆగిపోయి, సోమవారం తలుపు తీసేసరికి ఫ్లాస్కుల అడుగున పాలిపోయిన పోచలు పేరుకుని ఉన్నాయి. ఆ నష్టం ఏ నివేదికలోకీ ఎక్కలేదు. మన దేశంలో కల్చర్లను బతికించేవారిని శాస్త్రజ్ఞుల లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జన్యుక్రమాన్ని నేను తక్కువ చేయడం లేదు. ట్రైకోడెస్మియం ఎరిత్రియం జన్యుక్రమం దాదాపు 77.5 లక్షల బేసుల పొడవున్నా, ప్రోటీన్లకు సంకేతమిచ్చే భాగం అందులో సుమారు 64 శాతమేనని, ఇతర బ్యాక్టీరియాల్లో అది 85 శాతం దాకా ఉంటుందని 2015లో వచ్చిన పరిశోధన చూపింది. నత్రజనిని స్థాపించే జన్యువులే లేని ట్రైకోడెస్మియం జాతులు సముద్రాల్లో విస్తారంగా ఉన్నాయని 2021లో సముద్రపు నీటి డీఎన్ఏ నుంచే తెలిసింది. మైక్రోస్కోప్‌లో పోచ కనిపిస్తే చాలు, నత్రజని లెక్కలో వేసుకునేవారికి అది పెద్ద దెబ్బ. కానీ నత్రజని స్థాపించనప్పుడు అవి దేని మీద బతుకుతున్నాయన్నది మళ్లీ ఫ్లాస్కు దగ్గరే తేలాలి.

కాబట్టి చేరబోయే ల్యాబుకు వెళ్లినప్పుడు కల్చర్ గది చూపించమని అడగండి. ఆదివారాలు ఫ్లాస్కులను ఎవరు చూసుకుంటారో, కరెంటు పోతే ఏం చేస్తారో కనుక్కోండి. వాటికి సూటిగా జవాబు చెప్పగలిగిన చోట చేరండి. బయోఇన్ఫర్మేటిక్స్ అక్కడ పనిచేస్తూనే నేర్చుకోవచ్చు.