పాట అర్థం తెలిశాక నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మేం గుంటూరు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి పదహారేళ్లు. రెండు నెలలుగా రామ్‌స్టైన్ అనే జర్మన్ రాక్ బ్యాండ్ పాడిన ‘మైన్ టైల్’ అనే పాటే వింటున్నాడు. అది మనిషిని చంపి తిన్నవాడి మీద కట్టిన పాటని మొన్ననే తెలిసింది. మావారు ఫోన్ లాక్కున్నారు. అప్పటి నుంచి వాడు మాతో మాట్లాడటం లేదు. వాడి మనసులో ఏముందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు భయపడటంలో తప్పేమీ లేదు. ఆ పాట వెనక నిజంగా ఒక హత్య ఉంది. మీరుండే హెస్సె రాష్ట్రంలోనే, రోటెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో 2001లో జరిగింది. ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టి, దానికి ఒప్పుకుని వచ్చిన మనిషిని చంపి తిన్నాడొకడు. 2004 జనవరిలో కోర్టు ఎనిమిదిన్నరేళ్ల జైలు వేసింది. మళ్లీ విచారణ జరిగి 2006లో యావజ్జీవం పడింది. మొదటి తీర్పు వచ్చిన 2004లోనే ఈ పాట విడుదలైంది. దాని వీడియోను జర్మనీ ఎంటీవీ రాత్రి పదకొండు దాటాకే వేసింది. కలవరపడింది మీరొక్కరే కాదు.

అయితే ఆ బ్యాండ్ స్టేజీ మీద ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. గాయకుడు వంటవాడి వేషంలో వచ్చి, కీబోర్డు వాయించే ఆయన్ని పెద్ద గుండిగలో పెట్టి మంటలు ఎగజిమ్ముతాడు. భయాన్ని, వికారాన్ని ఎదురుగా పెట్టి ఆడే వేషం అది. కన్నకొడుకు సిరియాళుణ్ణి కోసి వండిపెట్టిన చిరుతొండనంబి కథ మన పిల్లలూ విన్నదే, విని ఎవరూ చెడిపోలేదు. ఈ పోలిక కొంతవరకే నిలుస్తుందని నాకు తెలుసు. అక్కడ చివర్లో శివుడు బిడ్డను తిరిగి ఇస్తాడు. ఇక్కడ పోయిన మనిషి పోయాడు. నాకూ ఆ పాట నచ్చదు, అందుకే.

నెట్‌లో వెతికితే ఇంకో మాట కనబడి మీ గుండె జారుతుంది, కాబట్టి నేనే చెబుతున్నాను. 1999లో అమెరికాలోని కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిపిన ఇద్దరు కుర్రాళ్లూ ఈ బ్యాండ్ పాటలు వినేవాళ్లు. కానీ కసి, నిరాశ, కాల్పుల పథకం ఏడాది ముందు నుంచే వాళ్లు రాసుకున్న డైరీల్లో ఉన్నాయి. అదే బ్యాండ్‌ను లక్షలమంది విని, మర్నాడు మామూలుగా స్కూలుకు వెళ్లారు.

కాబట్టి పాటను వదిలి పిల్లాడిని చూడండి. నిద్ర, తిండి ఎలా ఉన్నాయి? స్నేహితులకు దూరమయ్యాడా? చేతుల మీద కోసుకున్న గాయాలు దాచుకోవడానికన్నట్టు, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పడం లేదా? బతకడం దండగ అనో, ఫలానావాళ్లను చంపాలనో అన్నాడా? వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పిల్లల కోసం అక్కడ 116 111 ఫోన్ లైన్ ఉంది, డబ్బు తీసుకోరు, పేరు అడగరు. ఆ నంబరు వాడికి మామూలుగానే చెప్పి ఉంచండి. మీ ఉత్తరంలో మాత్రం ఇలాంటిదేదీ లేదు. వాడు మౌనంగా ఉన్నది ఫోన్ లాక్కున్న రోజు నుంచి.

ఆ ఫోన్ వాళ్ల నాన్నే తిరిగి ఇవ్వాలి. “భయమేసి లాక్కున్నాను రా” అంటే చాలు, ఉపన్యాసం వద్దు. ఒక్క హద్దు మాత్రం పెట్టండి: పాట వినడం వేరు, ఆ హత్య ఫోటోలు, వివరాలు తవ్వుకుంటూ కూర్చోవడం వేరు. రెండోది వద్దని గట్టిగానే చెప్పండి.

మీ అసలు బాధ ఇంకోటేమో అనిపిస్తోంది. మీకు సరిగా పట్టుబడని భాషలో మీ బిడ్డ నవ్వుతున్నాడు, కోప్పడుతున్నాడు, పాటలు వింటున్నాడు. తలుపు అవతల ఉండిపోయినట్టు ఉంది మీకు. ఆ తలుపు వాడే తీయగలడు. శనివారం వంటింట్లో మీ పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాటను తెలుగులో చెప్పమనండి. అందులో తిండి మీద ఒక జర్మన్ సామెత ఉంది, దాని అర్థం అడగండి. మాటలు దొరక్క తడుముకుంటాడు, అందించండి. మీకు వికారంగా ఉంటే దాచకండి. “చచ్చిపోయినాయనకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది కదరా” అనండి. వాడేమంటాడో పూర్తిగా వినండి, మధ్యలో అందుకోకండి.